కోసిగి, కోస్గి: స్క్రిప్టింగ్ భాషల్లో పేర్లూ మారుపేర్లూ

కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోని దాటి మంత్రాలయం రోడ్డు వైపు రైల్లో పోతుంటే కోసిగి వస్తుంది. మండల కేంద్రం. రెవెన్యూ కాగితాల్లో అది కోసిగి, రైల్వేవాళ్ళ ఇంగ్లీషు రాతలో కోస్గి. 1953 అక్టోబరు 1కి ముందటి రికార్డులు తిరగేస్తే ఆ ఊరు బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో దొరుకుతుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఇది చాలదన్నట్టు తెలంగాణలో, కొడంగల్ నియోజకవర్గంలో, ఇంకో కోస్గి ఉంది. మొదట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉంది. ఆ కోస్గికీ ఈ కోసిగికీ సంబంధం లేదు.

ఒక ఊరికి రెండు పేర్లుండటం ఒక సమస్య. రెండు ఊళ్ళకు ఒకే పేరుండటం దానికి పూర్తిగా ఎదురు సమస్య. ఊళ్ళ జాబితాలు కలిపే స్క్రిప్టు రాయడానికి కూర్చున్న ఎవరికైనా ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. వెంటనే మరో ప్రశ్న కూడా వస్తుంది. ప్రోగ్రామింగ్ భాషలోనే ఒక పేరుకు మారుపేరు పెట్టే వీలుంది కదా, దాన్నే వాడుకోకూడదా? ముప్పై ఏళ్ళకు పైగా స్క్రిప్టింగ్ భాషలు ఈ వీలును రకరకాలుగా ఇస్తూ వచ్చాయి. ఏ భాష ఏమిచ్చింది, అందులో ఏది పనికొచ్చింది, ఏది కొంప ముంచింది అన్నది చూడటమే ఈ వ్యాసం పని.

ఇది కంప్యూటర్ మనుషుల ముచ్చట మాత్రమే అని కోసిగివాళ్ళు అనుకోలేరు. వాన ముఖం చాటేసిన ఏడు ఆ చుట్టుపక్కల పల్లెలు సుగ్గికి, అంటే వలస పనులకు, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు, హైదరాబాదు, బెంగళూరు కట్టడాల పనులకు ఇంటిల్లిపాదీ కదులుతారు. పిల్లల పేర్లు ఇక్కడి బడి జాబితాలో ఒకలా, పోయినచోట జాబితాలో ఇంకోలా పడతాయి. ఒకచోట సొంతూరు కోసిగి అనీ, మరోచోట కోస్గి అనీ ఉంటే స్క్రిప్టు ఆ పిల్లను ఇద్దరుగా లెక్కిస్తుంది. కోస్గి అన్నవన్నీ ఒకటే అనుకుంటే నారాయణపేట పిల్లను తెచ్చి కర్నూలు లెక్కలో కలుపుతుంది.

ప్రోగ్రామింగ్ భాషలో మారుపేరు పడేది సింబల్ టేబుల్లో, అంటే పేర్ల పట్టికలో. ప్రోగ్రాములో మనం రాసే ప్రతి పేరుకూ ఎదురుగా, ఆ పేరు సూచించే గడి ఎక్కడుందో భాష రాసి పెట్టుకునే చోటు. సీ లాంటి భాషల్లో కంపైలర్ పని ముగిశాక నడుస్తున్న ప్రోగ్రాముకు ఈ పట్టికతో దాదాపు అవసరం ఉండదు. స్క్రిప్టింగ్ భాషల్లో అలా కాదు. ప్రోగ్రాము నడుస్తుండగా కూడా పట్టిక బతికే ఉంటుంది. దాన్ని చదవొచ్చు, మార్చొచ్చు, కొత్త పేర్లు చేర్చొచ్చు. మారుపేర్ల బలమూ ప్రమాదమూ రెండూ ఇక్కడే పుడతాయి.

ఈ పట్టికను ప్రోగ్రామరు చేతికి అందరికంటే బాహాటంగా ఇచ్చింది పెర్ల్. లారీ వాల్ 1987 డిసెంబరులో విడుదల చేసిన ఈ భాషలో ప్రతి ప్యాకేజీకీ ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టిక కూడా మామూలు హ్యాషే, అంటే పేరుకు ఎదురుగా విలువ ఉండే జాబితా. దాన్ని స్టాష్ అంటారు. అందులో ఒక్కో పేరు కింద ఒక్కో టైప్‌గ్లాబ్ ఉంటుంది, ఆ గ్లాబ్‌లో స్కేలరుకు, అర్రేకు, హ్యాష్‌కు, ఫంక్షనుకు, ఫైల్ హ్యాండిల్‌కు విడివిడి గడులుంటాయి. అందుకే పెర్ల్‌లో $కోసిగి, @కోసిగి, %కోసిగి, &కోసిగి నాలుగూ నాలుగు వేర్వేరు వస్తువులు. నాలుగూ కలిసి *కోసిగి అనే ఒక్క గ్లాబ్ కింద ఉంటాయి. సోర్సు యూటీఎఫ్-8లో ఉందని పైన ఒక లైనులో చెబితే పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు. కాబట్టి ఉదాహరణలు ఇక్కడే చూపించగలను.

*కోస్గి = *కోసిగి;

నక్షత్రం గుర్తుతో రాసిన ఈ ఒక్క లైను కోసిగి అనే పేరు కింద ఉన్న గడులన్నిటికీ కోస్గి అనే రెండో పేరు తగిలిస్తుంది. స్కేలరు, అర్రే, ఫంక్షను, అన్నీ. చాలాసార్లు మనకు అంత అక్కర ఉండదు. ఒక్క గడికే మారుపేరు కావాలంటే రిఫరెన్సు, అంటే ఆ గడి చిరునామా, ఇవ్వాలి:

@కోసిగి = ("దుద్ది", "సాతనూరు");
*కోస్గి = \@కోసిగి;
$కోస్గి[2] = "అగసనూరు";

ఇప్పుడు కోసిగి అర్రేలో మూడు ఊళ్ళున్నాయి. మనం కోస్గిలో చేర్చాం, కోసిగిలో చేరింది. రెండూ ఒకే గడి కాబట్టి అసలు ఏది, నకలు ఏది అన్న ప్రశ్నే లేదు. రెండో లైనుకు బదులు @కోస్గి = @కోసిగి; అని రాసి ఉంటే ఆ క్షణానికి ఉన్న సరుకు నకలు తీసినట్టు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. గడిని పంచుకోవడమా, గడిలోని సరుకును పంచుకోవడమా? మారుపేర్లలో వచ్చే గొడవల్లో అధికభాగం ఈ తేడా పట్టించుకోనందువల్లే వస్తాయి.

పెర్ల్ నాలుగో వెర్షను దాకా గ్లాబ్‌లు విలాసం కాదు, అవసరం. అప్పటికి భాషలో రిఫరెన్సులు లేవు. ఒక అర్రేను నకలు తీయకుండా ఫంక్షనుకు పంపాలంటే గ్లాబ్‌ను పంపి, లోపల లోకల్ పేరుకు తగిలించుకోవాల్సిందే. 1994 అక్టోబరులో వచ్చిన పెర్ల్ 5 రిఫరెన్సులనూ, మై అనే మాటతో ప్రకటించే లెక్సికల్ వేరియబుళ్ళనూ తెచ్చింది. ఈ రెండో రకం వేరియబుళ్ళు సింబల్ టేబుల్లో ఉండనే ఉండవు. ప్యాడ్ అనే వేరే చోట ఉంటాయి. అందువల్ల గ్లాబ్‌తో వాటికి మారుపేరు పెట్టడం కుదరదు. ఈ సంగతి తెలియక తికమకపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లెక్సికల్ పేర్లకు కూడా మారుపేరు పెట్టే వీలు 2015లో 5.22 వెర్షనులో ప్రయోగాత్మకంగా వచ్చింది.

రిఫరెన్సులు వచ్చాక గ్లాబ్‌ల పని తగ్గింది, పోలేదు. ఒక మాడ్యూల్లోని ఫంక్షను మన ప్రోగ్రాములో దాని సొంత పేరుతో పలుకుతోందంటే, ఎక్స్‌పోర్టర్ అనే మాడ్యూలు మన పట్టికలో ఒక గ్లాబ్‌కు ఆ ఫంక్షను రిఫరెన్సు తగిలించిందన్నమాట. పెర్ల్‌లో దిగుమతి అంటే మారుపేరే. మార్క్ జేసన్ డోమినస్ రాసిన మెమొయిజ్ మాడ్యూలు ఇదే దారిలో పట్టికలోని పాత ఫంక్షను స్థానంలో, జవాబులు గుర్తుపెట్టుకునే కొత్త ఫంక్షనును కూర్చోబెడుతుంది. ప్రోగ్రాములకు పరీక్షలు రాసేవాళ్ళు లోకల్ అనే మాట సాయంతో ఒక ఫంక్షనును కాసేపు మార్చి, బ్లాకు ముగియగానే పాతది దానంతటదే తిరిగొచ్చేలా చేస్తారు. గ్లాబ్ వాడకాల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. మార్పుకు హద్దు కళ్ళెదుటే కనిపిస్తుంది. *పై = \3.14159; అని రాస్తే $పై మార్చబోతే తిరగబడే స్థిరరాశి అవుతుంది. చిన్న ఉపాయం, చక్కటిది.

మారుపేరుకు ఖర్చు కూడా ఉంటుంది. పెర్ల్‌లోని గుర్తుల వేరియబుళ్ళకు చదవదగ్గ పేర్లు ఇచ్చే ఇంగ్లిష్ అనే మాడ్యూలు ఉంది. అది చేసేదంతా గ్లాబ్‌లకు మారుపేర్లు పెట్టడమే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు దొరికిన భాగాన్ని పట్టి ఉంచే వేరియబులు కూడా ఆ పట్టికలో ఉండేది. దాని పేరు ప్రోగ్రాములో ఎక్కడ ఒక్కసారి కనిపించినా ప్రతి వెతుకులాటా మందగించేది. పేర్లు చదవడానికి బాగున్నాయని మాడ్యూలు వాడినవాళ్ళ ప్రోగ్రాములు కారణం తెలియకుండా నెమ్మదించాయి. ఆ వేరియబుళ్ళను వదిలేయమని చెప్పే వీలు ముందు వచ్చింది, అసలు జబ్బు 2014లో 5.20 వెర్షనుతో కుదిరింది.

ఇక అడగకుండానే వచ్చే మారుపేర్లు. పెర్ల్ ఫోర్‌ఈచ్ లూపులో వేరియబులు అర్రే మూలకానికి నకలు కాదు, మారుపేరు. ఫంక్షనుకు అందే ఆర్గ్యుమెంట్ల అర్రే కూడా అంతే. ఊళ్ళ పేర్ల చివరి ఖాళీలు తుడిచేద్దామని లూపులో మారుస్తూ పోతే అసలు జాబితానే మారుతుంది. శుభ్రం చేయడమే పనైతే ఇది వరం. మూల జాబితా చెక్కుచెదరకుండా ఉంచి పక్కన సరిచూసుకోవాలనుకుంటే ఆ మూలం ఇక దొరకదు.

పైథాన్ ఈ మొత్తాన్ని ఇంకోలా చూస్తుంది. అక్కడ గడులు లేవు, వస్తువులున్నాయి. పేరు అనేది వస్తువుకు కట్టిన చీటీ. కోస్గి = కోసిగి అనడంలోనే మారుపేరు పడిపోయింది, ప్రత్యేక వ్యాకరణం ఏదీ అక్కర్లేదు. సులువుగా ఉంది కదా అనుకునేలోపు ఇది ఎదురవుతుంది:

కోసిగి = ["దుద్ది", "సాతనూరు"]
కోస్గి = కోసిగి
కోస్గి += ["అగసనూరు"]

దీంతో కోసిగిలో కూడా మూడు ఊళ్ళయ్యాయి. మూడో లైను కోస్గి = కోస్గి + ["అగసనూరు"] అని ఉంటే కోసిగిలో రెండే మిగులుతాయి. మొదటి రాత ఉన్న జాబితానే పెంచింది, రెండోది కొత్త జాబితా చేసి కోస్గి చీటీని దానికి కట్టింది. బళ్ళో పాఠంగా ఈ రెంటినీ సమానమని నేర్పడం తప్పు, ఆ పాఠం మారాలి.

ఒక మాడ్యూలు నుంచి వేరియబులును దిగుమతి చేసుకున్నాక, మాడ్యూలు దాని విలువ మారిస్తే మనకు కొత్త విలువ కనిపిస్తుందా? భాషల స్వభావం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు. పెర్ల్‌లో కనిపిస్తుంది, గడి ఒకటే కాబట్టి. మనం మారిస్తే వాళ్ళకూ మారుతుంది. పైథాన్‌లో కనిపించదు. దిగుమతి నాటి వస్తువుకు మన చీటీ కట్టి ఉంది, వాళ్ళు తమ చీటీని వేరేదానికి కట్టుకున్నారు. జావాస్క్రిప్టు 2015 నాటి మాడ్యూళ్ళలో మధ్యేమార్గం ఎంచుకుంది. వాళ్ళు మారిస్తే మనకు కనిపిస్తుంది, మనం మార్చబోతే తప్పంటుంది. ఈ మూడింట్లో జావాస్క్రిప్టు నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం. యజమాని ఎవరో తేలిపోతుంది.

రూబీలో ఆలియాస్ అనే మాటే ఉంది. అయితే అది పేరుకు కాదు, పద్ధతి (మెథడ్) ఒంటికి రెండో పేరు పెడుతుంది. అసలు పద్ధతిని తర్వాత మార్చి రాసినా మారుపేరు పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. పాతదాన్ని లోపల దాచుకుని కొత్తదాన్ని చుట్టూ కట్టడానికి రూబీవాళ్ళు ఏళ్ళ తరబడి వాడిన ఉపాయం ఇదే. రూబీలో పేర్లే విలువలయ్యే సింబళ్ళ కథలో ఒక హెచ్చరిక ఉంది. 2014 డిసెంబరులో 2.2 వెర్షను వచ్చేదాకా, నడుస్తుండగా పుట్టిన సింబలు ఏదైనా ప్రోగ్రాము ముగిసేవరకూ జ్ఞాపకంలోనే ఉండిపోయేది. బయటి నుంచి వచ్చే మాటలను సింబళ్ళుగా మార్చే వెబ్‌సైటును కొత్త కొత్త పేర్లు పంపి కూల్చేయగలిగేవారు.

టీసీఎల్‌లో అప్‌వార్ ద్వారా పిలిచినవాడి వేరియబులుకే మన పేరు పెట్టుకోవచ్చు. లువాలో గ్లోబల్ పేర్లన్నీ ఒక మామూలు టేబుల్లో ఉంటాయి, దాన్ని మార్చేసి మొత్తం లోకాన్నే మార్చొచ్చు. బాష్‌కు 2014లో 4.3 వెర్షనుతో పేరును సూచించే పేరు దొరికింది. ఇవి చిన్న సంగతులు.

పీహెచ్‌పీ చిన్న సంగతి కాదు. ఆ భాష మాన్యువలే తన రిఫరెన్సులను సింబల్ టేబుల్ మారుపేర్లని వర్ణిస్తుంది. దుద్ది, సాతనూరు, అగసనూరు అనే మూడు పేర్ల అర్రే మీద రిఫరెన్సుతో ఒక ఫోర్‌ఈచ్ నడిపామనుకోండి. లూపు ముగిశాక కూడా లూపు వేరియబులు చివరి మూలకానికి మారుపేరుగానే ఉండిపోతుంది. అదే వేరియబులుతో, ఈసారి రిఫరెన్సు లేకుండా, ఇంకో ఫోర్‌ఈచ్ రాస్తే మొదటి చుట్టులో చివరి గడిలోకి దుద్ది వస్తుంది, రెండో చుట్టులో సాతనూరు వస్తుంది. మూడో చుట్టు సాతనూరునే సాతనూరులో పెడుతుంది. చివరకు జాబితాలో దుద్ది, సాతనూరు, సాతనూరు ఉంటాయి. అగసనూరు పోయింది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, లెక్క మూడు అనే చూపిస్తుంది. లూపు అయిపోగానే ఆ వేరియబులును అన్‌సెట్ చేయడం ఒక్కటే మందు.

అదే భాష చేసిన ఇంకా పెద్ద తప్పు రిజిస్టర్ గ్లోబల్స్. వెబ్ చిరునామాలో ఎవరైనా రాసిన పేరు నేరుగా ప్రోగ్రాము గ్లోబల్ పట్టికలో వేరియబులై కూర్చునేది. లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చే వేరియబులుకు ముందుగా విలువ ఇవ్వడం మరిచిపోతే, దాని పేరు ఊహించినవాడు లోపలికి వచ్చేసేవాడు. 2002లో 4.2.0తో దీన్ని మామూలుగా మూసి ఉంచారు, 2012లో 5.4తో పూర్తిగా తీసేశారు. పదేళ్ళు పట్టింది. పేర్ల పట్టికలో రాసే హక్కు బయటి డేటాకు ఇవ్వకూడదన్నది అంత ఖర్చుతో నేర్చుకున్న పాఠం.

ఇక్కడి నుంచి మన ఊళ్ళ జాబితాకు తిరిగొస్తే, కొత్తగా పెర్ల్ నేర్చిన ప్రతివాళ్ళకూ వచ్చే కోరిక ఒకటుంది. ఫైల్లో చదివిన ఊరి పేరుతోనే ఒక వేరియబులు పుట్టించాలి, కోసిగి అని వస్తే $కోసిగి, కోస్గి అని వస్తే దానికి గ్లాబ్‌తో మారుపేరు. సింబాలిక్ రిఫరెన్సులతో ఇది సాధ్యమే. డోమినస్ దీన్ని గట్టిగా కాదన్నాడు, పెర్ల్‌లోని స్ట్రిక్ట్ కట్టుబాటు కూడా దీన్ని ఆపుతుంది. కారణం సులభం. ఊరి పేరు మన వేరియబుళ్ళలో దేనితోనో కలిస్తే ఆ వేరియబులు చెరిగిపోతుంది, ఎక్కడ చెరిగిందో పట్టుకోలేం. ఊళ్ళ పేర్లు డేటా. వాటికి భాష పట్టికలో చోటు ఉండకూడదు, మనం సొంతంగా చేసుకున్న హ్యాష్‌లో ఉండాలి. మారుపేరు హ్యాష్‌లో ఎడమన పేరు, కుడిన స్థిరమైన కోడు. అంతకుమించిన ఏర్పాటు అక్కర్లేదు.

తెలుగు పేర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆళ్ళగడ్డ అనీ ఆళ్లగడ్డ అనీ మనం రెండూ రాస్తాం, చదివేవాళ్ళు తేడా కూడా గమనించరు. యంత్రానికి అవి వేరు మాటలు. గుంతకల్ అన్న పేరు చివర అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని గుర్తు ఒకటి దూరితే అదీ వేరే మాటే. ఐత్వం సంగతి చూడండి. మైదుకూరులోని మై, యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ ఉండొచ్చు, ఎత్వానికి ఐత్వపు కింది భాగం కలిపి రెండు గుర్తులుగానూ ఉండొచ్చు. రెండూ తెరమీద ఒకేలా కనిపిస్తాయి. పైథాన్ 3 తన వేరియబుళ్ళ పేర్లను ఒకే రూపానికి తెస్తుంది కాబట్టి అక్కడ మైదుకూరు ఒకటే. పెర్ల్, జావాస్క్రిప్టు ఆ పని చేయవు, ఒకేలా కనిపించే రెండు వేరియబుళ్ళు పక్కపక్కనే బతుకుతాయి. పైథాన్‌లో కూడా ఇది వేరియబుళ్ళ పేర్లకే. డిక్షనరీలో పెట్టే పేర్లను మనమే సరిచేసుకోవాలి. యూనికోడ్ సవరింపు మైదుకూరును కలుపుతుంది, ఆళ్లగడ్డను కలపదు. కోసిగి, కోస్గిలను ఏ సూత్రమూ కలపలేదు. ఆ పని తెలిసిన మనిషి చేయాలి.

పేర్లను యంత్రం ఎలా మోయాలో మనవాళ్ళు ఇప్పటికే కొంత తేల్చారు. వెన్న నాగార్జున రాసిన పద్మ, దాని మీద వీవెన్ కట్టిన లేఖిని, ఇంగ్లీషు అక్షరాల రాతను తెలుగులోకి మార్చే పట్టికలతో నడుస్తాయి. ఆ కోసం పెద్ద ఏ కొట్టినా చిన్న ఏ రెండుసార్లు కొట్టినా ఒకటే వస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒకే విషయానికి రెండో పేరైతే దారిమార్పు, ఒకే పేరుతో రెండు విషయాలుంటే అయోమయ నివృత్తి పేజీ. మన రెండు సమస్యలకూ రెండు వేర్వేరు ఏర్పాట్లు. దారిమార్పు నుంచి ఇంకో దారిమార్పుకు గొలుసు కడితే మీడియావికీ మామూలుగా ఒక్క అడుగే వేసి ఆగిపోతుంది, మిగతాది బాట్లు వచ్చి సరిచేస్తాయి. సొంత మారుపేర్ల హ్యాష్ రాసుకునేవాళ్ళు కూడా ప్రతి పేరునూ నేరుగా కోడుకే చేర్చడం మంచిది. మారుపేరుకు మారుపేరు పెడితే ఎప్పుడో ఒకప్పుడు చుట్టు తిరిగి మొదటికే వస్తుంది.

రైల్వే కోడులు చూస్తే కోడు ఎందుకు కావాలో తెలుస్తుంది. కడప పేరు ఇంగ్లీషులో 2005లో మారింది, స్టేషను కోడు మాత్రం హెచ్ఎక్స్ గానే ఉంది. కర్నూలు టౌన్ స్టేషన్ కర్నూలు సిటీ అయింది. కేఆర్ఎన్‌టీలో టౌన్ తాలూకు టీ అలాగే ఉంది. ఆ అక్షరాల అర్థం ఎవరికీ పట్టకపోవడమే వాటి గుణం, అందుకే అవి మారాల్సిన అవసరం రాదు. పేర్ల మీద ఆధారపడితే ఏమవుతుందో జనాభా లెక్కలు చూపిస్తాయి. 2001 లెక్కల్లో కడప పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో ఉంది, 2011లో వైఎస్సార్ జిల్లాగా ఉంది, 2025లో వైఎస్సార్ కడప అయింది.

కోడు కూడా అన్నీ తీర్చదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాకు 40 లక్షలకు పైగా జనం ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయింది. పేరు అదే కర్నూలు, హద్దులు వేరు. పాత అంకెనూ కొత్త అంకెనూ హద్దులు చూడకుండా జత చేస్తే జిల్లా జనం దాదాపు సగం మాయమైనట్టు కనిపిస్తుంది. కాబట్టి పట్టికలో పేరు, కోడులతో పాటు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న తేదీలు కూడా ఉండాలి. నాకు తెలిసిన ఏ స్క్రిప్టింగ్ భాష సింబల్ టేబుల్లోనూ కాలానికి గడి లేదు. ఊళ్ళ మారుపేర్లను ఆ పట్టికకు అప్పగించకూడదనడానికి ఇది ఇంకో కారణం.

మొత్తం మీద నా తీర్పు ఇది. ఫంక్షన్లను దిగుమతి చేసుకోవడానికి, పరీక్షల్లో కాసేపు మార్చడానికి, పాత పేరుతో రాసిన ప్రోగ్రాములు ఆగిపోకుండా కొత్త పేరు తేవడానికి సింబల్ టేబుల్ మారుపేరు మంచి పనిముట్టు. డేటాను పంచుకోవడానికి రిఫరెన్సు చాలు. బయటి నుంచి వచ్చే పేర్లకు హ్యాష్ తప్ప మరొకటి వాడకూడదు.

మండలాల్లో, బళ్ళలో, స్వచ్ఛంద సంస్థల్లో జాబితాలు తయారుచేసేవాళ్ళకు ఒక విన్నపం. పంచాయతీరాజ్ శాఖ డైరెక్టరీలో ప్రతి ఊరికీ కోడు ఉంది. ఊరి పేరు మీకు తోచినట్టు రాయండి, పక్కన ఆ కోడు గడి మాత్రం ఖాళీగా వదలకండి. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్ల పేరు మళ్ళీ కోసిగి బడి జాబితాలో సరైన చోట చేరాలంటే స్క్రిప్టుకు అది కావాలి.